తమ్ముడి ఫోనులో ఊరు

తమ్ముడు పోయిన మూడో రోజు పిట్ట ముట్టలేదు.

మా వైపు మనిషి పోయిన మూడో రోజున అతనికి ఇష్టమైనవన్నీ వండి, కాల్చిన చోటికి దగ్గర్లో విస్తట్లో పెట్టి, అందరూ దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు బతికున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, తీరుస్తామని మాట ఇవ్వాలి. సరైన మాట పడేదాకా పిట్ట దిగదని నమ్మకం.

మా ఊరు బోధన్ దగ్గర, కాలువ పక్కన. ఆ కాలువ గట్టు మీదే విస్తరి పెట్టాం. మటన్ కూర, అన్నం, ఉడికించిన గుడ్డు, సర్వపిండి, కొత్త స్టీలు గ్లాసులో కల్లు. తుమ్మచెట్టు మీద మూడు కాకులు కూర్చుని ఉన్నాయి. చూస్తున్నాయి. దిగడం లేదు.

మా మేనమామ ముందుకు పోయి, "నీ ట్రాక్టర్ అమ్మం బిడ్డా, ఇంటి మీదనే ఉంటది," అన్నాడు. కాకులు కదల్లేదు. నేను పోయి, "అవ్వను నా దగ్గర పెట్టుకుంట తమ్మీ, నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాను. కదల్లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అవ్వ, అంటే మా అమ్మ, కూలబడిపోయింది.

నేను చదివింది ఏడో తరగతి వరకే. కానీ నిజామాబాద్‌లో బీడీలు చుట్టుకుంటూ బతికిన ఈ ఇరవై ఏళ్లలో గ్రంథాలయంలో నేను తిరగని బీరువా లేదు. పక్షుల మీద ఒక లావుపాటి పుస్తకం రెండుసార్లు చదివాను. కాకికి కొత్త వస్తువంటే అనుమానమని, మెరిసేది కనిపిస్తే దూరంగా ఉంటుందని అందులో ఉంది. "మామా, ఆ స్టీలు గ్లాసు తీసెయ్యి. దాన్ని చూసి భయపడుతున్నయ్," అన్నాను.

మామ ఏడుస్తూనే నావైపు చూశాడు. "నీ లైబ్రరీల కాకులు వేరే బిడ్డా. గివి మన ఊరి కాకులు. సదువుకోలే."

అంత దుఃఖంలోనూ ఎవరో నవ్వారు. సరిగ్గా అప్పుడే నా సంచీలో తమ్ముడి ఫోను మోగింది. తీసి చూశాను. ఎవరూ చేయలేదు. తెర మీద రెండు ముక్కలు ఉన్నాయి: "యజమాని! మీ చెరకు కోయబడుటకు సిద్ధంగా ఉంది. మీ ఊరు మిమ్మల్ని కోల్పోతోంది."

ఎవరు రాశారో గానీ తెలుగు రానివాళ్లు రాసిన తెలుగు అది. అయినా రెండుసార్లు చదివాను.

"ఏందే అది?" అంది అవ్వ.

"వాని ఆట అవ్వా. ఫోన్ల ఆడుతుండె గదా."

అవ్వ లేచి కూర్చుంది. "గదే. దాని మీదనే ఉంటది వాని పాణం. నడిమిట్ల ఇడిసిపెట్టి పోయిండు. అడుగు బిడ్డా. నువ్వైతే సదువుకున్నవ్, నువ్వు అడుగు."

నేను ఫోను తీసుకుపోయి విస్తరి పక్కన పెట్టాను. తెర వెలుగుతూనే ఉంది. "తమ్మీ," అన్నాను, "నీ ఆట ఒడగొట్టే జిమ్మా నాది. నేనే ఆడి ఒడగొడ్త." ఒడగొట్టడమంటే పూర్తి చేయడం.

నేను వెనక్కి నాలుగడుగులు వేశానో లేదో, కాకి దిగింది. కొత్త గ్లాసు అక్కడే ఉంది. దానికంటే మెరిసే ఫోను పక్కనే ఉంది. అది గుడ్డును ముక్కుతో పొడిచింది. అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. మామ నా భుజం మీద చేయి వేశాడు. నేను మనసులోనే పక్షుల పుస్తకంలో ఆ పేజీ కోసం వెతుక్కుంటూ నిలబడ్డాను. ఆ పేజీలో ఇలాంటి కాకి లేదు.

తమ్ముడు ఎలా పోయాడో చెప్పాలి. వాడికి ముప్పై కూడా లేవు. సొంత ట్రాక్టరుకు రెండు ట్రాలీలు కట్టి చెరకు తోలేవాడు. మా దగ్గరి ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకంతా దూరం పోవలసి వచ్చింది, సరిహద్దు అవతలికి కూడా. అక్కడ కాంటా ముందు బండ్ల వరస. తూకం అయ్యేదాకా డ్రైవర్లు బండి దిగడానికి లేదు. దిగితే వరస పోతుంది. ఒక మధ్యాహ్నం వరస కదిలింది, వాడి బండి కదల్లేదు.

వెనక బండిలో ఉన్నది మా ఊరి అన్నే. వాడికంటే పదేళ్లు పెద్ద. ఆ రోజు సంగతి నాకు ఆయనే చెప్పాడు.

"హారన్ కొట్టిన చెల్లె. 'ఏయ్, ఆటల పడ్డవారా? లైను కదిలింది, నడువ్!' అని మొత్తుకున్న. నా ఎనుక మరాఠోళ్లు 'చలా, చలా' అని ఒకటే లొల్లి. తిట్టిన గూడ. నా నోరు పడిపోను, గలీజు తిట్టు తిట్టిన. ఆఖర్కి దిగిపోయి సూస్తే, సీటుకు ఒరిగి కూసున్నడు. ఫోను చేతులనే ఉన్నది. అండ్ల మనుషులు మంచిగ తిరుగుతున్నరు, చెరుకు కోస్తున్నరు. వీడే..." అని ఆపేశాడు.

గుండె అన్నారు డాక్టర్లు.

మాకు ఆటలు కొత్త కాదు. చిన్నప్పుడు, మా నాన్న ఉన్న రోజుల్లో, ఇంట్లో ఒక్కటే ఫోను, బాపుది, బటన్లది. దాన్ని ఆయన ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో దాచేవాడు. అన్నం తినేటప్పుడు మాత్రం తీసి గూట్లో పెట్టేవాడు. ఆయన తిని చేయి కడుక్కునేలోపు మా ఆట అయిపోవాలి. అందులో ఒక పాము ఉండేది. చుక్కలు తింటూ పొడుగవుతుంది, తన తోకను తానే తాకితే చచ్చిపోతుంది. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడైన తమ్ముడు నా మోచేతి కింద తలపెట్టి చూసేవాడు.

"సచ్చింది. ఇగ నాకియ్యి."

"సావలే. జర ఆగు."

"గోడకు గుద్దుకున్నదే అక్కా! నీ పాముకు కండ్లు లేవా? అద్దాలు కొనియ్యి దానికి."

లోపల బాపు చేయి కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తే వాడు తన పాము వేగం పెంచేవాడు. కావాలనే తోకకు గుద్ది చంపేవాడు. చంపి పకపకా నవ్వేవాడు. ఆ రోజుల్లో మా పాము ఎన్ని వందలసార్లు చచ్చిందో. ప్రతి చావుకూ నవ్వాం. ఈ మధ్య దాని గురించి చాలా ఆలోచించాను. పొట్టి ఆటలో చావు ఉంటుంది. అది తొందరగా వస్తుంది, వెంటనే మళ్లీ మొదలుపెట్టొచ్చు, అందుకే దానికి భయం ఉండదు. తమ్ముడు చివర్లో ఆడిన ఆటలో ఎవరూ చావరు. ఎంతకాలం పోయినా ఎవరూ చావరు. నాకు భయమేసింది ఆ ఆటలోనే.

మూడో రోజు అయ్యాక అవ్వను నిజామాబాద్ తెచ్చుకున్నాను. నాది రెండు గదుల అద్దె ఇల్లు. పెళ్లి నిలవలేదు, ఆ సంగతి ఇక్కడ అవసరం లేదు. పొద్దున బీడీల చాట ఒడిలో పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా గోడకు ఆనించి పుస్తకం పెట్టుకునేదాన్ని. పేజీ మూసుకోకుండా బట్టలారేసే క్లిప్పు. తునికాకు కత్తిరించడం, పొగాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం. చేతులు వాటి పని అవే చూసుకుంటాయి, కళ్లు ఖాళీ. అట్లా చదివిన పుస్తకాలే అన్నీ. ఇప్పుడు ఆ క్లిప్పు ఉన్నచోట తమ్ముడి ఫోను నిలబెట్టాను.

ఆటలో ఒక ఊరు. చెరకు, వరి, పసుపు, కోళ్లు, ఒక గానుగ, ఒక బజారు. వాడు పంతొమ్మిదో అంచెలో ఆపాడు. ఊరి మధ్యలో యజమాని బొమ్మ ఒకటి నిలబడి ఉంటుంది. దాన్ని మన ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చు. వాడు దానికి సన్నటి మీసం పెట్టాడు, మెడలో ఎర్ర గళ్ల రుమాలు వేశాడు. ఒడ్డూ పొడుగూ కూడా తనదే. పని చెప్పకపోతే అది ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, అప్పుడప్పుడు మనవైపు చూస్తూ నిలబడుతుంది. మొదటి రోజు అవ్వ దాన్ని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. రెండో రోజు నుంచి నా పక్కనే పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

"గది నా ఇల్లు," అంది, ఊరి చివర ఎర్ర పెంకుల చిన్న ఇంటిమీద వేలు పెట్టి. "నాకు సూపెట్టిండు. 'గిది నీది అవ్వా, మల్ల స్లాబ్ ఏస్త' అన్నడు. ఎయ్యకుండనే పోయిండు."

ఆ ఆటలో వేరే ఊళ్ల యజమానులు కొందరు కలిసి ఒక సంఘంగా ఉంటారు. ఎవరెవరో, ఎక్కడెక్కడివాళ్లో. ఆ నాలుగు రోజులూ వాళ్లు తమ్ముడికి రాస్తూనే ఉన్నారు: అన్నా ఉన్నావా, ఊరు ఎండుతోంది, మన సంఘం వెనకబడింది. నేను మొదటిసారి చెరకు కోయగానే ఒకడు రాశాడు: "వచ్చిండు! అన్న వచ్చిండు!" ఒకరి వెనక ఒకరు పూలూ చప్పట్లూ పంపారు.

నేనెవరో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. వాడి పాత మాటలు చూసి, వాడు రాసే పద్ధతిలో, "ఊళ్ల జర పనుండె," అని రాశాను. ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రోజు నుంచి కొన్ని పదుల మంది దృష్టిలో తమ్ముడు బతికే ఉన్నాడు. వాడి పేరు మీద పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా వచ్చాయి. "నూరేళ్లు బతకాలి అన్నా." థాంక్స్ అని నా వేళ్లతోనే కొట్టాను. పొగాకు వాసన వేళ్లతో.

ఆట ఒక్కచోట నిలబడేది కాదు. లోకంలో దేనికి గిరాకీ ఉంటే దాని వెంట పరుగెత్తేది. క్రికెట్ పోటీలు మొదలైతే పసుపు చేనులో స్టేడియం కట్టమంది. తుపాకుల ఆటలకు జనం ఎగబడుతున్నారని ఒక వారం ఆకాశంలోంచి గొడుగులు కట్టుకుని మనుషులు దూకి, మా కోళ్ల మధ్య కాల్చుకున్నారు. ఏదో డాన్సు అందరి ఫోన్లలో తిరుగుతుంటే మా గానుగ దగ్గరి ముసలాయన కూడా నడుము ఊపాడు. ఇంకో నెలలో గుమ్మడికాయలకు కళ్లూ నోరూ చెక్కి లోపల దీపాలు పెట్టి ఇంటింటి ముందూ పెట్టాలన్నారు. దయ్యాల పండగట. పన్నెండు గుమ్మడికాయలు వెలిగిస్తే బహుమతి.

అవ్వ అదంతా శ్రద్ధగా చూసింది. "మనమైతే దిష్టికి కడ్తం గుమ్మడికాయ. గీళ్లకు గూడ దిష్టి తగిలిందా ఏంది?"

"తగిలింది అవ్వా. మస్తు తగిలింది."

"అయితే ఇంకో నాలుగు పెట్టు."

నవ్వాను. కానీ ఆ నెలంతా తమ్ముడి బొమ్మ వెనక దయ్యం ముసుగులేసుకున్న పిల్లలు తిరుగుతూ ఉంటే, ఫోను వైపు చూడకుండా బీడీలు చుట్టడం కష్టమైపోయింది.

గ్రంథాలయంలో పాత వారపత్రికల సీరియళ్లను ఎవరో పుణ్యాత్ముడు చింపి, దారంతో కుట్టి, అట్టలేసి ఇచ్చాడు. అవి చదివినప్పుడు నాకు తెలిసిన సంగతి ఒకటుంది. కథ ఎక్కడ అయిపోయిందో చదివేవాళ్లకు తెలుస్తుంది. నాయిక తల్లిని కలుసుకుంది, ఏడ్చింది, అయిపోయింది. కానీ పత్రిక అమ్ముడవుతోంది. అందుకని తర్వాతి వారం నాయికకు కవల చెల్లెలు పుట్టుకొస్తుంది, ఆపై మతిమరుపు వస్తుంది. ఆ కాలంలో జనం దేని గురించి మాట్లాడుకుంటున్నారో అదల్లా ఆమె నెత్తిన వచ్చి పడుతుంది. మొదట్లో నేను లావు పుస్తకమే గొప్పదనుకునేదాన్ని. చంకలో లావుపాటిది పెట్టుకుని వీధిలో నడిస్తే నలుగురూ చూస్తారని. గ్రంథాలయంలో రిజిస్టరు రాసే పెద్దమనిషి ఒకసారి ఎనభై పేజీల నవల నా చేతిలో పెట్టి, "ఇది ఒక్క కూర్చున్న తావున అయిపోతదమ్మా. కానీ వారం దాకా వేరే పుస్తకం ముట్టవు," అన్నాడు. ఆయన అన్నట్టే అయింది.

ఆ నెలల్లో నేను గ్రంథాలయానికి పోవడమే మానేశాను. ఆటలో ఊరికి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు, పొద్దుగూకేముందు ఒకసారి హాజరు వేయించుకోవాలి. ఒక్కరోజు తప్పినా వరస తెగుతుంది, పంట ఎండుతుంది, వెంటనే ఆ ముక్క వస్తుంది: మీ ఊరు మిమ్మల్ని కోల్పోతోంది. అవ్వ అన్నం ముందు కూర్చోగానే మొదటి మాట, "ఇయ్యాల ఆడినవా?" ఆ తర్వాతే ముద్ద నోట్లో పెట్టేది. "ఇంకెంతున్నది?" అనేది. వాడింకా కాలువ గట్టు మీదే నిలబడి ఉన్నాడని ఆమె నమ్మకం. నేను ఆట పూర్తి చేసిన రోజున వాడు పోతాడు. నేను చదువుకున్నదాన్ని, అట్లా నమ్మను. నమ్మనని రోజూ అనుకుంటూనే రోజుకు నాలుగుసార్లు చెరకు కోశాను.

కొన్ని నెలలకు వెనక బండి నడిపిన ఆ అన్న, ట్రాక్టరు సామాన్ల కోసం నిజామాబాద్ వచ్చి, అవ్వను చూడ్డానికి ఇంటికొచ్చాడు. అవ్వ పక్కింటికి పోయి ఉంది. చాయ్ ఇచ్చి, ఫోను ఆయన ముందు పెట్టాను.

"అన్నా, దీనికి ఆఖరు ఉన్నదా?"

ఆయన గుర్తుపట్టి కాసేపు ముట్టుకోలేదు. "ముప్పై లెవల్ అంటరు చెల్లె. ఆడిదాక పోయినోళ్లను నేనైతే సూడలే. పోయినోళ్లు మల్లొచ్చి చెప్పలే."

"వానికి గిదే ఎందుకు పట్టింది? పాము ఆట ఎంత మంచిగుండె."

"పామా?" నవ్వాడు. "మన ఫ్యాక్టరీ నడిచినప్పుడు కాంటా కాడ రెండు గంటలు. పాము సరిపోయేది. గిప్పుడు ఒకపారి దినమున్నర కూసోవాలె. దినమున్నర పాము ఎంత తిరుగుతది? లైను పొడుగైంది, ఆట పొడుగైంది. గంతే."

ఇంత సూటిగా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆయన తన ఫోను తీసి చూపించాడు. రంగు రంగు పండ్లు పైనుంచి పడుతున్నాయి. "నేనైతే గిదాడుత. రెండు నిమిషాలు. ఓడిపోతే, థూ అనుకొని జేబుల ఏసుకుంట. లైను కదిలిందా, నడిమిట్లనే బంద్. మీ తమ్ముడు ఎక్కిరించేటోడు. 'నీదేం ఆట అన్నా, రేపటికి ఏం మిగలదు. నా ఊరు సూడు, రేపటికి ఉంటది' అని."

ఆయన ముందు పెట్టిన ఫోనులో తమ్ముడి బొమ్మ కాళ్లు మార్చుకుంటూ నిలబడి ఉంది. రేపటికి ఉంది.

ఆయన చాయ్ సగంలో పెట్టేసి లేచాడు. గడపలో ఆగి, "ఇడిసిపెట్టు చెల్లె. వాడు పొద్దు పోనీకి ఆడిండు. ఒడగొట్టనీకి కాదు," అన్నాడు.

"పిట్టకు మాటిచ్చిన అన్నా."

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు గట్టు మీద ఆయనా ఉన్నాడు, కాకి దిగడం చూశాడు.

ముప్పై అన్నాడు గనక ముప్పైని పట్టుకున్నాను. దానికొక చివర ఉందన్న ధైర్యంతో ఎక్కువ ఆడాను. ఇరవై ఆరు, ఇరవై ఏడు. అవ్వకు రోజూ లెక్క చెప్పేదాన్ని, ఆమె వేళ్లు ముడుచుకునేది. ఒక్కో అంచెకు పాతవి తీసి కొత్తవి కట్టాలి. వాడి గానుగ తీసేసి మిషను పెట్టాను. వాడు దారికి అడ్డంగా, వంకరగా నిలిపిన ఎడ్లబండి ఒకటుండేది. అట్లా ఎందుకు పెట్టాడో తెలియదు. దాన్ని తీసి రోడ్డు వేశాను. తుమ్మచెట్లు కొట్టి దీపస్తంభాలు నాటాను. ప్రతిదీ వాడి కోసమే చేస్తున్నాననుకున్నాను. ఇరవై తొమ్మిదికి వచ్చేసరికి ఊళ్లో వాడి చేత్తో పెట్టింది ఒక్కటే మిగిలింది. ఊరి చివర ఎర్ర పెంకుల ఇల్లు. దాన్ని ముట్టకుండా, అన్నిటికీ చుట్టూ తిప్పి దారి కట్టుకుంటూ వచ్చాను.

తెర మీద వచ్చింది: "తదుపరి అంచె కొరకు పాత నివాసములను తొలగించుము."

రెండు రోజులు ఆ మాట చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు మధ్యాహ్నం అవ్వ నల్లా దగ్గర బట్టలు జాడిస్తోంది. వాన పడేటట్టుంది. నేను ఆ ఇంటి మీద వేలు పెట్టాను. నిజంగా తొలగించాలా అని అడిగింది. అవును అని కొట్టాను. చిన్న దుమ్ము లేచింది, అంతే. పొద్దుటి నుంచి చుట్టిన బీడీలు చాటలో ఉన్నాయి, చేతిలో ఉన్నదానికి దారం కట్టి పక్కన పెట్టాను.

ముప్పై వచ్చింది. గంటలు మోగాయి, రంగు కాగితాలు కురిశాయి. సంఘంలో వాళ్లంతా అన్నా అన్నా అని కేకలు రాశారు. నేను ఎదురుచూస్తున్నాను. ఇప్పుడు ఏదో ఒకటి మూసుకుంటుంది, దీపాలు ఆరిపోతాయి, ఒక చివరి మాట వస్తుంది. పుస్తకం ఆఖరి పేజీ తర్వాత తెల్ల కాగితం ఉంటుంది కదా, అట్లాంటిది ఏదో.

"అభినందనలు యజమాని! అసలైన ఆట ఇప్పుడు మొదలవుతుంది."

ఊరు మొత్తం పక్కకు జరిగిపోయింది. స్టేడియం, మిషన్లు, బజారు, చెరకు, అన్నీ. దాని స్థానంలో ఒక ఖాళీ నేల వచ్చింది. చెట్టు లేదు, నీళ్లు లేవు, కనుచూపు మేర ఎర్రమట్టి. మొదటి అంచె, అని ఒక మూలన రాసి ఉంది. నేల నడిమధ్యలో తమ్ముడు. మీసం, ఎర్ర గళ్ల రుమాలు. చుట్టూ చూసి, నావైపు తిరిగాడు.

"ఒడిసిందానే?"

అవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నా వెనక నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. నేను ఫోను చాట కిందికి జరిపాను.

"నా ఇల్లేది? జర సూపెట్టు."

ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే. "ఒడిసింది అవ్వా," అన్నాను. "ఇప్పుడే ఒడిసింది. ఆఖరైపోయింది."

ఆమె పీట వేసుకుని నా ముందు కూర్చుంది. ఏడవలేదు. "ఒడిస్తే ఏమైతది? చెప్పు. నేను సూడకపోతిని."

ఇన్నేళ్లు నేను చదివిన పుస్తకాలు వందలకొద్దీ ముగింపులు నాకిచ్చాయి. మంచి ముగింపులో పెద్ద మాటలు ఉండవని నాకు తెలుసు. ఎవరో ఒక చిన్న పని చేస్తారు, మనకు అర్థమవుతుంది. చెప్పడం మొదలుపెట్టాను. ఆట తయారుచేసినవాళ్లు ఇవ్వని ముగింపు నేనే కట్టాను.

"చెరుకంత కోసిండ్రు అవ్వా. మోడు కూడ మిగలకుంట. ఆఖరి బండి పోయింది. గప్పుడు ఆడోళ్లు కొడవండ్లు కడిగి గోడకు ఆనిచ్చిండ్రు. ముసలాయన పొయ్యిల నీళ్లు సల్లిండు. బజారోళ్లు దుకాండ్లు మూసుకున్నరు. కోళ్లను గంపల కింద కమ్మిండ్రు. ఇగ పనేం లేదు గదా, ఒక్కొక్క ఇల్లు మెల్లగ మాయమైంది."

"నాది గూడనా?"

"నీది అన్నిటికన్న ఆఖరికి. గంతసేపు ఉన్నది."

నిజానికి అది పోయి గంట కూడా కాలేదు. పోయింది నా వేలి కిందే.

అవ్వ తల ఊపింది. కళ్లు మూసుకుని అదంతా ఒకసారి చూసుకున్నట్టుంది. ఆమె మొహంలో ఇన్ని నెలలుగా బిగిసి ఉన్నదేదో వదులైంది. "మంచిగనే ఒడిసింది," అంది. "ఎవరు గెలిసిండ్రు?"

"గెలుసుడు ఓడుడు ఏం లేదు అవ్వా."

"మరి వాడు? వాడు ఏడికి పోయిండు?"

"ఇంటికి పోయిండు."

"నువ్వు సూసినవా?"

"సూసిన."

ఆ రోజు ఆమె నన్ను అడగకుండానే అన్నం పెట్టుకుని తింది. రెండోసారి కూర వేసుకుంది. మర్నాటి నుంచి ఆట ఊసెత్తలేదు. పక్కింటివాళ్లతో, "నా బిడ్డ ఒడగొట్టింది, మాట నిలవెట్టుకున్నది," అని చెప్పుకుంటుంది. నేను మళ్లీ గ్రంథాలయానికి పోతున్నాను. క్లిప్పు మళ్లీ గోడ దగ్గరికి వచ్చింది. ఒక్క కూర్చున్న తావున అయిపోయే పుస్తకాలే ఎక్కువగా తెచ్చుకుంటున్నాను.

తమ్ముడి ఫోను పెట్టె అడుగున బట్టల కింద ఉంది. చప్పుడు రాకుండా చేశాను. పారేయలేదు, ఆట మూయలేదు, తీసేయలేదు. తీసేయాలా అని అది అడుగుతుంది, అవునని నేను కొట్టాలి. ఆ పని అవ్వ ఇంటి విషయంలో ఒకసారి చేసి చూశాను. అవ్వ బయటికి పోయినప్పుడు వారానికి ఒకసారి తీసి చార్జింగ్ పెడుతున్నాను. ఎందుకు పెడుతున్నానో నన్నడిగితే చెప్పలేను. తెర మీద వేలు పెట్టను. కానీ అది ఒక్క క్షణం వెలుగుతుంది. ఆ ఖాళీ నేల మీద, ఒక్క ఇల్లు లేనిచోట, వాడు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, పని చెప్తానేమోనని నావైపే చూస్తూ నిలబడి ఉంటాడు.